లోతు సముద్రంలో అణుబాంబు పేలితే సునామీ వస్తుందా? నీళ్లే మింగేస్తాయా?

కాజీపేట జంక్షన్:
నిన్న సాయంత్రం భద్రకాళి బండ్ మీద దోస్తులతో గంటసేపు ఇదే వాదన. ఒకడు ఫోన్లో వీడియో చూపించాడు. రష్యా పొసైడాన్ టార్పెడో (నీళ్ల కింద పోయి పేలే అణు ఆయుధం) సముద్రంలో పేలితే 500 మీటర్ల అల లేస్తుందట, 2022లో వాళ్ల టీవీలోనే చెప్పారు. ఇంకొకడు అదంతా ఉత్తదే అన్నాడు. లోతులో పేలితే మంట, రేడియేషన్ అన్నీ నీళ్లే మింగేస్తాయి, గాలిలో పేల్చేదానికంటే అదే నయం అని వాడి మాట. నాకు రెండోవాడి మాటే నిజమనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పరకాల పత్తిచేను:
నయమా? 2004 డిసెంబర్ 26 మర్చిపోయావా తమ్మీ? ఎక్కడో సుమత్రా దగ్గర భూకంపం వస్తే, పౌర్ణమి స్నానానికని మంగినపూడి బీచ్‌కు పోయినవాళ్లు తిరిగి రాలేదు. భూమి కదిలితేనే అంత అయినప్పుడు, అణుబాంబుకు కాదా?

హన్మకొండ ఫిజిక్స్ సార్:
పత్తిచేను గారి భయం నాకు అర్థమైంది కానీ, ఆ రెండూ ఒకటి కావు. 2004లో సముద్రం అడుగు సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున చీలి కదిలింది. పైనున్న నీళ్లు మొత్తం, అడుగు నుంచి పైదాకా, ఒక్కసారిగా లేచాయి. అంత వెడల్పున లేచిన అల వేల కిలోమీటర్లు పోయినా బలం తొందరగా తగ్గదు. బాంబు ఒక్క చోట పేలుతుంది. దాని అల పొట్టిగా, నిటారుగా పుట్టి, చుట్టూ పరుచుకుంటూ తొందరగా చచ్చిపోతుంది.

దీనికి కొలిచిన లెక్కలే ఉన్నాయి. 1946 జులైలో అమెరికా పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర బేకర్ అనే పరీక్ష చేసింది. బాంబును 27 మీటర్ల లోతున వేలాడదీశారు. పేలిన చోటికి 300 మీటర్ల దూరంలో అల ఎత్తు 29 మీటర్లు, అంటే తొమ్మిదంతస్తుల బిల్డింగంత. అదే అల ఐదున్నర కిలోమీటర్ల దూరంలోని ఒడ్డుకు వచ్చేసరికి నాలుగున్నర మీటర్లు. అంత దగ్గరలోనే అంత తగ్గితే, సముద్రం దాటి ఇంకో దేశాన్ని ముంచడం ఎక్కడిది? 500 మీటర్ల అల అన్నది భయపెట్టడానికి చెప్పిన మాట.

కాజీపేట జంక్షన్:
అయితే నేనే గెలిచినట్టు కదా సార్? 27 మీటర్లంటే లోతు కూడా కాదు. ఇంకా కిందికి పోతే ఏమీ కాదన్నట్టేగా?

హన్మకొండ ఫిజిక్స్ సార్:
సగమే గెలిచావు. 27 మీటర్లలో ఏమైందో ముందు చూడు. అగ్నిగోళం నీటి పైకి చీల్చుకొని వచ్చింది. దాదాపు 20 లక్షల టన్నుల నీళ్లు స్తంభంలా లేచి, తిరిగి కూలాయి. కూలిన చోట రేడియేషన్ నిండిన తడి పొగమంచు పుట్టి, పరీక్ష కోసం అక్కడ ఆపి ఉంచిన ఓడల మీదుగా పాకింది. తర్వాత నావికులు వాటిని సబ్బుతో కడిగారు, బ్రష్షులతో రుద్దారు. పెయింటు గీకడానికి బియ్యం, కొబ్బరి చిప్పల పొడి కూడా వాడి చూశారు. పోలేదు. ఆగస్టులో కడగడమే ఆపేశారు. అక్కడ పట్టిన ఒక చేపను ఎక్స్‌రే ఫిల్ము మీద పెడితే, ఏ లైటూ లేకుండా, దాని ఒంట్లోని రేడియేషన్‌తోనే దాని బొమ్మ పడింది. ఆ ఫోటో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు నువ్వడిగిన లోతు. 1955 మే 14న విగ్వామ్ పరీక్షలో 30 కిలోటన్నుల బాంబును 610 మీటర్ల కింద పేల్చారు. అమెరికా తీరానికి 800 కిలోమీటర్ల దూరంలో, అడుగు ఇంకా నాలుగు కిలోమీటర్లు కిందుండే చోట. అక్కడ నీటి ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 60 రెట్లు. పేలగానే వేడి ఆవిరి బుడగ వందల అడుగుల వెడల్పున ఉబ్బుతుంది. ఊపులో ఉబ్బాల్సినదానికన్నా ఎక్కువ ఉబ్బి, నీళ్లు నొక్కితే కుంచించుకుపోతుంది. మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. ఉబ్బిన ప్రతిసారీ నీళ్లకు ఒక గుద్దు. అలా గుద్దుకుంటూ పైకి వచ్చి విడిపోతుంది. సునామీ రాలేదు. పైన కొద్దిసేపు నీళ్లు గుమ్మటంలా లేచి, ధారలుగా చిమ్మి పడిపోయాయి. ఒడ్డున ఉన్న మనుషుల వరకైతే నీ దోస్తు మాట నిజమే. నీళ్లలో ఉన్నవాటి సంగతి వేరు.

గోదావరిఖని షాట్‌ఫైరర్:
సార్ చెప్పిన ఆ చివరి మాట మీద నేను చూసింది చెప్తాను. బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లు మందు పేల్చిన చేతులివి.

మా చిన్నప్పుడు మా ఊరి వాగు మడుగులో మందు తూటా పేల్చి చేపలు పట్టేవాళ్లు. తప్పే, ఇప్పుడైతే కేసు కూడా. నేను ఆ మడుగుకు కొంచెం కింద, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాను. చెవికి వినబడింది చిన్న బుస్సు అంతే. నీళ్లు మూరెడు లేచాయేమో. కానీ ఆ క్షణంలోనే నా పిక్కల మీద ఎవరో కట్టెతో కొట్టినట్టు తగిలింది. ఒడ్డున కూర్చున్న మా అన్నకు ఏమీ తెలియలేదు. గాలి దెబ్బను మెత్తగా చేస్తుంది. నీళ్లు నలగవు కాబట్టి దెబ్బను ఉన్నదున్నట్టు మోస్తాయి.

తేలిన జెల్లలు, బొమ్మెలు ఇంటికి తెచ్చాం. ఒంటి మీద ఒక్క గీత లేదు. అమ్మ కోస్తే లోపల గాలితిత్తి పగిలి, నెత్తురు ముద్దకట్టి ఉంది. తేలినవే మాకు దొరికాయి. మర్నాడు పోతే అడుగున మునిగినవి ఉబ్బి పైకి వచ్చి, మడుగంతా వాసన. ఒక్క తూటాకు అంత. 30 కిలోటన్నులంటే మూడు కోట్ల కిలోల మందు. నీళ్లు మింగేశాయంటే ఎవరి కడుపులోకి పోయిందో చూడాలి తమ్మీ.

ములుగు రోడ్డు:
కాకా, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక డౌటు. ఇలాంటి పరీక్షలు ఇప్పుడు కూడా ఎవరైనా దొంగచాటుగా చేయొచ్చు కదా? సముద్రం మధ్యలో ఎవరు చూస్తారు?

హన్మకొండ ఫిజిక్స్ సార్:
చూడనక్కర్లేదు, వినిపిస్తుంది. గాలిలో, అంతరిక్షంలో, నీటి కింద అణుపరీక్షలు చేయొద్దని 1963లో మాస్కోలో ఒప్పందం కుదిరింది. మన దేశం కూడా సంతకం పెట్టింది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్ల పైన. సుమారు కిలోమీటరు లోతున శబ్దానికి కాలువలాంటి పొర ఉంటుంది. అందులో పడిన చప్పుడు వేల కిలోమీటర్లు పోతుంది. 2017 నవంబర్‌లో అర్జెంటీనా సబ్‌మెరైన్ సాన్ హువాన్ మునిగినప్పుడు, అణుపరీక్షల కోసం పెట్టిన మైకులే, అట్లాంటిక్‌లో ఒకటి హిందూ మహాసముద్రంలో ఒకటి, ఆ చప్పుడు పట్టుకున్నాయి. అణుబాంబు దాగే ముచ్చటే లేదు.

పరకాల పత్తిచేను:
సునామీ విషయంలో నేను తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ నయం అనే మాట మాత్రం వద్దు.

కాజీపేట జంక్షన్:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. మంట పైకి రాకపోతే ఏమీ కానట్టే అనుకున్నాను. కాకా, ఆ మడుగులో చేపలు మళ్లీ ఎప్పుడు వచ్చాయి?

గోదావరిఖని షాట్‌ఫైరర్:
ఆ ఎండాకాలమంతా లేవు. వానలు పడి వాగు పారినంక, పైనున్న చెరువు మత్తడి దుంకితే దాంట్లో నుంచి కొట్టుకొచ్చాయి.