మెమరీ టేబుళ్లున్న డేటాబేస్‌కు మామూలు బ్యాకప్ చాలుతుందా?

రాత్రిపాళీ: మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మెమరీ టేబుళ్లు (డేటా మొత్తం మెమరీలోనే ఉంచుకుని పనిచేసే టేబుళ్లు) వాడేవారిని అడుగుతున్నాను. రోజూ ఫుల్ బ్యాకప్, మధ్యలో లాగ్ బ్యాకప్‌లు (మార్పుల చిట్టా కాపీలు) తీస్తున్నాం. అవి చాలని మా బృందం అంటోంది. చాలవని నా వాదన.

మెరుపువేగం: చాలు. 2014 వెర్షన్‌లో ఈ సదుపాయం వచ్చినప్పటి నుంచీ చెక్‌పాయింట్ ఫైళ్లు, అంటే ఆ టేబుళ్ల డేటాను డిస్కు మీద దాచే ఫైళ్లు, ఫుల్ బ్యాకప్‌లో భాగమే. చేర్చిన రికార్డులుండే డేటా ఫైలు, తొలగించినవాటిని గుర్తుపెట్టే డెల్టా ఫైలు జంటగా డిస్కు మీదే ఉంటాయి. మెమరీ అన్న మాట వినగానే కరెంటు పోతే అంతా పోతుందని భయపడటం అపోహ.

రాత్రిపాళీ: 'స్కీమా అండ్ డేటా' (నిర్మాణంతో పాటు డేటానూ డిస్కులో దాచే రకం) అని సృష్టించిన టేబుళ్లకే మీ మాట వర్తిస్తుంది. 'స్కీమా ఓన్లీ' టేబుల్‌కు బ్యాకప్‌లో నిర్మాణం తప్ప ఒక్క రికార్డు కూడా ఉండదు. ఇక రీస్టోర్, అంటే బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టే సంగతి. మొత్తం డేటా మెమరీలోకి ఎక్కాలి, ఇండెక్సులు డిస్కులో ఉండవు కాబట్టి మళ్లీ కట్టుకోవాలి. అది పూర్తయ్యేదాకా డేటాబేస్ తెరుచుకోదు. చిన్న సర్వర్ మీద ప్రయత్నిస్తే మెమరీ చాలక రీస్టోరే విఫలమవుతుంది. నాకు రెండుసార్లు అయింది.

మెరుపువేగం: మీరు అడిగింది బ్యాకప్ గురించి. రీస్టోర్ వేరే ప్రశ్న.

రాత్రిపాళీ: తిరిగి నిలబెట్టలేనిదాన్ని బ్యాకప్ అని ఎలా అంటారు?

ఆరో_వరుస: మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో మెమరీ టేబుళ్లు డంప్‌లో (డేటాను ఫైలుగా రాసుకునే బ్యాకప్‌లో) రికార్డులతో సహా వస్తాయి కదా?

మెరుపువేగం: వస్తాయి. అయితే 'సింగిల్ ట్రాన్సాక్షన్' ఐచ్ఛికం ఇచ్చినా, ఒకే క్షణానికి చెందిన డేటా ఇన్నోడీబీ టేబుళ్లకే (మైఎస్‌క్యూఎల్‌లో డిస్కు మీద ఉండే మామూలు టేబుళ్లకే) దొరుకుతుంది. డంప్ సాగుతుండగానే మెమరీ టేబుల్ మారిపోవచ్చు.

రాత్రిపాళీ: మైఎస్‌క్యూఎల్‌లో రెప్లికా (ప్రధాన సర్వర్‌ను అనుసరించే నకలు సర్వర్) ఉందని ధీమా కూడా వద్దు. ప్రధాన సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ఖాళీ అయిన మెమరీ టేబుల్‌ను మొదటిసారి వాడగానే, దాన్ని ఖాళీ చేసే ఆదేశం రెప్లికా చదివే మార్పుల చిట్టా అయిన బైనరీ లాగ్‌లోకి వెళ్తుంది. రెప్లికాలో మిగిలిన కాపీ కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

మెరుపువేగం: పోయినా పరవాలేదనుకున్న డేటానే అలాంటి టేబుల్‌లో పెడతారు. దానికి బ్యాకప్ ఎందుకు?

రాత్రిపాళీ: పరవాలేదని అనుకున్నది ఎవరు? నేను ఇదివరకు పనిచేసిన చోట డెవలపర్లు ఆర్డర్ల క్యూను 'స్కీమా ఓన్లీ' టేబుల్‌లో పెట్టారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. ప్యాచ్ వేసి సర్వర్‌ను రీస్టార్ట్ చేసింది నేను. క్యూ మొత్తం పోయింది. విచారణలో నా పేరే రాశారు. ఆరేళ్లయినా ఆ కాగితం నా కళ్ల ముందు కదులుతూనే ఉంది.

మెరుపువేగం: మీకు జరిగింది అన్యాయమే. కానీ మా డెవలపర్ల వైపు కూడా వినండి. ఒక్క టేబుల్ మార్పుకు మీలాంటి డీబీఏల (డేటాబేస్ నిర్వాహకుల) ఆమోదం కోసం మూడు వారాలు ఎదురుచూశాం. చివరికి అడగడమే మానేశాం.

రాత్రిపాళీ: ఇప్పుడు అసలు విషయం చెప్పారు. ఏది పోయినా పరవాలేదో మీరు నిర్ణయిస్తారు, పోయిన రోజున సంజాయిషీ నేను ఇవ్వాలి. నేను ఒప్పుకోనిది ఇదే.

మెరుపువేగం: నిర్ణయం డెవలపర్లదే అని నేను ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని రాతపూర్వకంగా మీకు చెప్పాల్సిన బాధ్యత కూడా మాదే.

చిరుదీపం: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టేబుళ్ల వివరాలుండే జాబితా సిస్.టేబుల్స్‌లో 'డ్యూరబిలిటీ_డెస్క్' కాలమ్ చూడండి. ఏ టేబుల్ ఏ రకమో అందులో ఉంటుంది.

రాత్రిపాళీ: చూశాను. 'స్కీమా ఓన్లీ' టేబుళ్లు పదకొండు ఉన్నాయి. నాకు తెలిసినవి నాలుగే. మిగతా ఏడింటిలో ఏముందో రేపు ఉదయం బృందాన్ని అడుగుతాను.