కాలి దరువు మైకుల్లోకి ఎక్కుతోంది: షాక్ మౌంట్లు, స్టీరియో బార్ ఎలాంటివి తీసుకోవాలి?

తీగలసవ్వడి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఒక స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో) కచేరీలు రికార్డు చేస్తున్నాను. నా దగ్గరున్నవి న్యూమన్ కేఎం 184 మైకుల జత, రెండు మైకుల్నీ ఒకే స్టాండు మీద పట్టే ఒక చిన్న స్టీరియో బార్, గట్టి ప్లాస్టిక్ క్లిప్పులు. ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో, అంటే క్యాప్సూళ్ల (మైకు ముందుకొసన శబ్దాన్ని పట్టే భాగాల) మధ్య 17 సెం.మీ. దూరం, మైకుల మధ్య 110 డిగ్రీల కోణం పెట్టి, స్టాండుని స్టేజీ ముందు అంచున నిలబెడతాను. ఇన్నాళ్లూ గట్టి నేల ఉన్న హాళ్లు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. మొన్న మొదటిసారి చెక్క స్టేజీ మీద చేశాను.

చెల్లో వాయించే ఆయనకి మడమతో తాళం వేసే అలవాటు ఉంది. అక్కడ హెడ్‌ఫోన్సులో నాకేం తెలియలేదు. ఇంటికొచ్చి పెద్ద స్పీకర్లలో పెడితే, నెమ్మదిగా సాగే రెండో భాగం పొడుగునా ధప్, ధప్ అంటూ ఒకటే మోత. నలుగురూ ఊపిరి బిగబట్టి వాయించిన చోట అది వింటుంటే ప్రాణం ఉసూరుమంది. 80 హెర్ట్జ్ దగ్గర, దాని కింది శబ్దాలను కోసేసే హైపాస్ ఫిల్టర్ పెట్టి చూశాను. చెల్లో అన్నిటికన్నా కింది తీగ 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది కదా, ధప్పుతో పాటు ఆ తీగ నిండుదనం కూడా పోయింది.

తర్వాతి కచేరీకి స్నేహితుడి దగ్గర, స్టాండు అదురు మైకుకి ఎక్కకుండా ఆపే పెద్ద పంజరంలాంటి షాక్ మౌంట్లు రెండు అడిగి తెచ్చాను. 17 సెం.మీ.కి దగ్గర చేస్తుంటే ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. గంటసేపు కుస్తీ పట్టి, ఇక టైమ్ లేక, కోణం అలాగే ఉంచి దూరం 30 సెం.మీ. చేశాను. రికార్డింగులో రెండు వయొలిన్లు ఎడమ చివరకి, చెల్లో కుడి చివరకి అతుక్కుపోయాయి, వయోలా ఎక్కడో వెనక గదిలో ఉన్నట్టుంది. పైగా ధప్పు పెద్దగా తగ్గనేలేదు.

రబ్బరు తాళ్లున్న మౌంట్లు మంచివా, ప్లాస్టిక్ లైర్ (మైకుని పట్టే, స్ప్రింగులా వంగే ముక్క) ఉన్నవి మంచివా? అవి పెట్టుకున్నాక కూడా 17 సెం.మీ. కుదరాలంటే ఎలాంటి బార్ కావాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు. వచ్చే నెల మళ్లీ అదే చెక్క స్టేజీ. అప్పుడే టెన్షన్ మొదలైంది.

మూడోవరుస జవాబు

మీరు చెప్పిన ధప్పు నాకు బాగా తెలుసు. నా రికార్డింగులు కొన్ని దానివల్లే ఎవరికీ ఇవ్వలేక పక్కన పెట్టాను. ఏదైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. రిహార్సల్ రోజు హాలు ఖాళీగా ఉన్నప్పుడు, స్టాండుని స్టేజీ మీద పెట్టి, చెల్లో కుర్చీ దగ్గర మడమతో పదిసార్లు తట్టించండి. తర్వాత స్టాండుని స్టేజీ దించి హాలు నేల మీద, స్టేజీకి తగలకుండా పెట్టి, అంతే గట్టిగా మళ్లీ తట్టించండి. రెండూ రికార్డు చేసి పక్కపక్కన వినండి. రెండోదాంట్లో ధప్పు బాగా తగ్గితే అది స్టాండు గొట్టం గుండా ఎక్కుతున్నట్టు. అప్పుడు మౌంట్లు పనికొస్తాయి. పెద్దగా తేడా లేకపోతే స్టేజీ చెక్కే డప్పులా మోగి గాలిలోంచి వస్తున్నట్టు. దాన్ని ఏ మౌంటూ ఆపలేదు. ఆయన మడమ కింద, కుర్చీ కింద మందపాటి తివాచీ వేయించడమే మార్గం. నా అనుభవంలో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి, కాబట్టి వీలైన ప్రతిచోటా స్టాండుని స్టేజీ దించేయండి. పైసా ఖర్చులేని పని.

ఇప్పుడు మౌంట్ల సంగతి. షాక్ మౌంట్ అంటే స్ప్రింగు, మైకు దానికి వేలాడే బరువు. స్ప్రింగు ఎంత మెత్తగా ఉండి, బరువు ఎంత ఎక్కువుంటే, ఆ రెండూ కలిసి ఊగే సహజ వేగం అంత తక్కువ. అదురును ఆపడం ఆ వేగానికి సుమారు 1.4 రెట్ల పైనుంచే మొదలవుతుంది. దానికి కింద ఏమీ ఆపదు. సరిగ్గా ఆ వేగం దగ్గరైతే తగ్గించకపోగా పెంచుతుంది. మీరు తెచ్చుకున్న పంజరాలు బహుశా పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పొర) ఉన్న బరువైన మైకుల కోసం చేసినవి. న్యూమన్ యూ 87 బరువు 500 గ్రాములు, మీ కేఎం 184 బరువు 80 గ్రాములు. అర కిలో మైకుతో 10 హెర్ట్జ్ దగ్గర ఊగే రబ్బరు, 80 గ్రాముల మైకు పెడితే 25 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. అంటే 35 హెర్ట్జ్ కింద దానివల్ల లాభం లేదు, 25 దగ్గర నష్టమే. మడమ ధప్పులో ఎక్కువ బలం ఉండేది కూడా ఆ చుట్టుపక్కలే. మీకు తేడా రాకపోవడంలో ఆశ్చర్యం లేదండీ, ఆ రబ్బరు మీ మైకు బరువుకి సాగనే లేదు.

ఇది కళ్లతోనే పట్టుకోవచ్చు. మైకు బిగించి, కేబుల్ కూడా తగిలించి, మైకు వెనక కొసని వేలితో మెల్లగా నెట్టి వదలండి. ఉయ్యాలలా కంటికి కనపడేంత నెమ్మదిగా ఊగితే ఆ మౌంటు మీ మైకు బరువుకి తగింది. వేలు తీసిన మరుక్షణం బిర్రుగా వణికి ఆగిపోతే అది క్లిప్పుతో సమానం.

రబ్బరా, లైరా అంటే, చిన్న మైకులకి నేను లైర్ వైపే. రైకోట్ వాళ్ల ఇన్‌విజన్ మౌంట్లలో ఉండే లైర్ హైట్రెల్ అనే, వంగినా విరగని ప్లాస్టిక్‌తో చేసింది. మైకు పొడవు వెంబడి ముందుకీ వెనక్కీ మెత్తగా కదులుతుంది, పక్కలకీ కిందకీ అంతగా వాలిపోదు. కేఎం 184 లాంటి మైకులో డయాఫ్రమ్ కదిలేది పొడవు వెంబడే కాబట్టి మెత్తదనం కావలసింది ఆ దిక్కునే. దరువు నేల మీద పైకీ కిందకీ పడినా, పొడవైన స్టాండు పైకొస మాత్రం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మీ మైకుకి తగిలేది ఆ ఊపే. రబ్బరు తాళ్లు చెడ్డవని కాదు. కొత్తలో బాగా పనిచేస్తాయి, కాలం గడిచే కొద్దీ సాగి మైకు తల వాలుస్తుంది. రెండు మైకులూ ఒకేలా వాలవు కూడా. అవి వాడితే సంచీలో అదనపు తాళ్లు ఉండాల్సిందే. లైర్ కొనేటప్పుడు మైకు మందమే కాదు, ఎంత బరువుకి చేసినదో కూడా చూడండి.

కేబుల్ గురించి చాలామంది పట్టించుకోరు. నాకు దీనిమీద పట్టుదల ఎక్కువ. ఎంత మంచి మౌంటు పెట్టినా, లావుపాటి బిరుసు కేబుల్ మైకు వెనక నుంచి నేరుగా స్టాండుకి దిగితే, దరువు మౌంటుని దాటేసి ఆ కేబుల్ గుండానే ఎక్కుతుంది. సన్నని మెత్తటి కేబుల్ ముక్క మైకుకి పెట్టి, ఒక వదులు చుట్టు వదిలి, ఆ తర్వాతే బార్‌కి కట్టేయండి. ఒకసారి మౌంట్లు మార్చకుండా ఈ చుట్టు ఒక్కటే పెట్టి విన్నాను. ధప్పు సగానికి పైగా తగ్గినట్టు అనిపించింది.

ఇక 17 సెం.మీ. గొడవ. అది క్యాప్సూల్ నుంచి క్యాప్సూల్‌కి కొలిచే దూరం, బార్ మీద మరల మధ్య దూరం కాదు. మైకుని 55 డిగ్రీలు బయటికి తిప్పినప్పుడు, మౌంటు ఇరుసు నుంచి క్యాప్సూల్ ఎంత ముందుకుంటే, అందులో 0.82 వంతు పక్కకి జరుగుతుంది. క్యాప్సూల్ ఇరుసుకి 8 సెం.మీ. ముందుంటే ఒక్కోవైపు 6.5, రెండూ కలిపి 13 సెం.మీ. అంటే ఇరుసుల మధ్య మిగిలేది 4 సెం.మీ. అంత సందులో ఏ షాక్ మౌంట్లూ పక్కపక్కన పట్టవు. మీ కుస్తీకి కారణం ఇదే. మైకుని ముందుకొస దగ్గర పట్టుకుని ఆ 8ని 6 చేస్తే ఇరుసుల మధ్య 7 సెం.మీ. దొరుకుతుంది. కానీ క్యాప్సూల్ వెనకున్న చీలికలు మాత్రం మూయకూడదు. వెనక శబ్దం ఆ చీలికల్లోంచి వస్తేనే మైకు కార్డియాయిడ్‌గా, అంటే ముందు శబ్దాన్నే ఎక్కువగా పట్టేలా పనిచేస్తుంది. మూస్తే నాలుగు వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది.

7 సెం.మీ. వచ్చినా మైకుల తోకలు, కేబుల్ కొనలు వెనక ఒకదాన్నొకటి దాటుకోక తప్పదు. అందుకని ఒక మౌంటుని మూడు నాలుగు సెం.మీ. ఎత్తుగా పెట్టాలి. బార్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఒక వైపు ఎత్తు పెంచే చిన్న కడ్డీ దానికి పడుతుందా? రెండు క్యాప్సూళ్లు అంత ఎత్తు తేడాలో ఉన్నా, వాద్యాలు అడ్డంగా పరుచుకుని కూర్చుంటాయి కాబట్టి స్టీరియోకి పెద్దగా నష్టం లేదు.

ఎత్తు పెంచే వీలు లేకపోతే 110 డిగ్రీలు పట్టుకుని వేలాడకండి. డిన్ అనే మరో స్టీరియో పద్ధతిలో 20 సెం.మీ., 90 డిగ్రీలు. అదే 8 సెం.మీ. లెక్కతో ఇరుసుల మధ్య 8.7 సెం.మీ. వస్తుంది. ఎన్ఓఎస్ అనే ఇంకో పద్ధతిలో 30 సెం.మీ., 90 డిగ్రీలు, దాంట్లో 18 పైనే వస్తుంది. మీరు చేసిన పొరపాటు దూరం పెంచి కోణం తగ్గించకపోవడం. ఓఆర్‌టీఎఫ్ సుమారు 96 డిగ్రీల వెడల్పుని రెండు స్పీకర్ల మధ్య సర్దుతుంది, ఎన్ఓఎస్ సుమారు 81. దూరం 30కి పెంచి కోణం 110 ఉంచితే అది ఇంకా ఇరుకవుతుంది. దాని అంచు దాటి కూర్చున్నవాళ్లు స్పీకర్లకి అతుక్కుపోతారు, మధ్య ఖాళీ అవుతుంది.

బార్ బరువుగా, వంగనిదిగా ఉండాలి, కోణం బిగించాక జారకూడదు. పైకి ఎక్కించాక మైకు పది డిగ్రీలు తిరిగితే కింద నుంచి కనపడదు. స్టాండుల మరలు 3/8 అంగుళం, 5/8 అంగుళం అని రెండు రకాలు వస్తాయి కాబట్టి అడాప్టర్లు నాలుగు దగ్గర పెట్టుకోండి. వాడని వింగ్ నట్లు కూడా బిగించేయండి. చెల్లో కింది స్వరాలకి వదులు నట్టు జుమ్మంటుంది. ఆ మోత ఎక్కడిదో వెతకడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

ఆరుబయట జవాబు

మూడోవరుస గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. నేను ఎక్కువగా ఆరుబయట కచేరీలు రికార్డు చేస్తాను. అక్కడ మరీ మెత్తటి మౌంటు కూడా ముప్పే. గాలి మైకుని ఊపితే క్యాప్సూల్ కదిలి, వినపడీ వినపడని గుబగుబ వస్తుంది. హాల్లో ఏసీ గాలి నేరుగా తగిలే చోటా అంతే. గాలిని ఆపే బొచ్చు తొడుగు వేసుకుంటే దాని బరువుకి మైకు ముందుకి వాలుతుంది, కాబట్టి తొడుగు వేశాకే కోణం, దూరం కొలవండి. మూడు మీటర్ల ఎత్తుకి బార్ ఎక్కిస్తే స్టాండు కాళ్లలో ఒకటి బార్ బరువు ఉన్న దిక్కుకే ఉండాలి, దానిమీద ఇసుక సంచీ పడాలి. కింద జనం కూర్చుంటారు, ఇందులో రాజీ వద్దు.

ఇంకోటి, ఫిల్టర్‌ని పూర్తిగా వదిలేయకండి. క్వార్టెట్‌లో చెల్లో 65 హెర్ట్జ్ కింద స్వరమే లేదు కాబట్టి 40 హెర్ట్జ్ దగ్గర నిటారుగా కోస్తే సంగీతానికేమీ కాదు. పియానో చేరితే మాత్రం ఆ పని చేయొద్దు, దాని కింది స్వరం 27.5 హెర్ట్జ్.

తీగలసవ్వడి

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ. నిన్న రిహార్సల్‌కి వెళ్లి ముందు ఆ మడమ పరీక్ష చేశాను. స్టాండు స్టేజీ మీద ఉన్నప్పుడు ధప్పు ఛాతీకి తగిలేలా ఉంది. హాలు నేల మీదికి దించితే దూరంగా ఎవరో తలుపు వేసినంత వినిపించింది. ఆయన కుర్చీ కింద తివాచీ వేశాక ఆ కాస్తా వెతికితే గానీ దొరకలేదు. చెల్లో ఆయనకి వినిపిస్తే పాపం చాలా నొచ్చుకున్నారు, అలవాటు మానుకుంటానన్నారు. నేనే వద్దన్నాను, ఆ తాళం ఆయన వాయింపులో భాగం.

లైర్ మౌంట్లు ఒక జత వాడి చూడమని ఒకరు ఇచ్చారు. వేలితో నెట్టి వదిలితే మైకు నిజంగానే ఉయ్యాలలా ఊగింది. పాత పంజరంలో అదే మైకు బిర్రుగా వణికింది, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోయింది. మైకులు ముందుకొస దగ్గర పట్టించి, చీలికలకి తగలకుండా చూసుకుని, ఒక మౌంటు కింద చిన్న కడ్డీ వేసి ఎత్తు పెంచాను. 17 సెం.మీ. పొడుగు అట్టముక్క ఒకటి కోసి దాన్ని క్యాప్సూళ్ల మధ్య పెట్టి బిగించాను. ప్రతిసారీ స్కేలు పట్టుకుని నిచ్చెనెక్కే అవసరం లేకుండా ఆ ముక్కని మైకుల పెట్టెలోనే ఉంచేశాను.

ఒక్క సందేహం మిగిలింది. కేబుల్‌కి వదులు చుట్టు వదిలితే అది బార్ అంచుకి తగిలి అప్పుడప్పుడు టిక్ మంటోంది. చుట్టు చిన్నది చేయాలా?

మూడోవరుస

చిన్నది చేస్తే బిరుసవుతుంది, వద్దు. చుట్టుని అలాగే ఉంచి, బార్ అంచుకి తగిలే చోట మెత్తటి గుడ్డ ముక్క చుట్టండి. కట్టు మాత్రం బార్ మీదే వేయండి, మైకు ఒంటిమీద కాదు.