చెల్లెకు రక్తం 8.2 ఉంది, మొదటి పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది, ఏం చేయాలి?

పరకాల అక్క:
మా చెల్లెకు ఇప్పుడు ఏడో నెల. మొన్న పీహెచ్‌సీలో రక్తం (హిమోగ్లోబిన్) చూస్తే 8.2 వచ్చింది. మొదటి పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది, 1.9 కిలోలు. ఆ పాపకు ఏడాది నిండకముందే మళ్ళీ నెల తప్పింది. స్కానింగ్ బాగానే ఉంది కదా, టెన్షన్ ఎందుకు అంటున్నారు ఇంట్లో. అత్తమ్మేమో ఎక్కువ తినకు, బిడ్డ పెరిగితే కాన్పు కష్టమవుతుంది అంటోంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని చెల్లె మానేసింది. మీ ఇళ్ళల్లో ఏం చేశారో చెప్పండి.

హసన్‌పర్తి ఏఎన్ఎం:
అక్కా, తల్లికి రక్తం ఎంతుందో స్కానింగ్‌లో తెలియదు. కడుపుతో ఉన్నవాళ్ళకు 11 ఉండాలి. 7 కంటే తగ్గితే చాలా ప్రమాదం, 8.2 కూడా తేలిగ్గా వదిలేసేది కాదు. రక్తం తక్కువైతే బిడ్డ బరువు తగ్గుతుంది, ముందే నొప్పులు రావచ్చు, కాన్పులో రక్తం పోతే తల్లి తట్టుకోలేదు. పైగా ఒకసారి నెలలు నిండకుండా కాన్పైతే మళ్ళీ అలా అయ్యే అవకాశం ఎక్కువ. కాన్పు తర్వాత రెండేళ్ళు ఆగమని మేం చెప్పేది కూడా తల్లి ఒళ్ళు కోలుకోవాలనే.

మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనండి, తిప్పడం తగ్గుతుంది. చాయ్‌తో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. నిమ్మకాయ నీళ్ళతో అయితే మంచిది. మలం నల్లగా వస్తే భయపడొద్దు. ఏడో నెల కాబట్టి ఐరన్ నరానికి ఎక్కించాలేమో డాక్టరమ్మను అడగండి.

మెట్‌పల్లి కోడలు:
చెల్లె బీడీలు చేస్తుందా అక్కా? మా దిక్కు పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఒళ్ళో చాట, చాటలో తంబాకు. నోట్లో వేసుకోకపోయినా దుమ్ము ముక్కులోకి పోతుంది, నికోటిన్ చర్మం నుంచి కూడా ఒంట్లోకి చేరుతుంది. మా వదినకు నెల తప్పగానే చాట పక్కన పెట్టించాం. డబ్బుల దగ్గర ఇంట్లో గొడవైంది, అయినా వినలేదు. తునికాకు కత్తిరించడం వరకే చేసేది. అన్నతో ఇంట్లో సిగరెట్ కూడా మాన్పించాం.

జనగామ తమ్ముడు:
మా ఆవిడకు కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చింది. కాళ్ళకు, మొహానికి నీరు వస్తే మామూలే అన్నారు అందరూ. తలనొప్పి, కళ్ళు మసక. చూపిస్తే 160/110. బిడ్డ ఊపిరితిత్తులకని ఇంజెక్షన్లు ఇచ్చి, తల్లికి ఫిట్స్ రాకుండా మందు ఎక్కించి 33 వారాలకే ఆపరేషన్ చేశారు. పాపను రోజూ నా ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు బాగుంది. ఈసారి నెల తప్పితే, బీపీ మళ్ళీ అలా పెరగకుండా మూడో నెల నుంచే చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తామని డాక్టర్ చెప్పారు.

ఏటూరునాగారం నుంచి:
మాత్రలు సరిగ్గా వేసుకున్నా రక్తం పెరగకపోతే సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) పరీక్ష చేయించండి. మా గూడేల్లో అది ఉంది.

పరకాల అక్క:
బీడీలు చేయదు. కానీ తమ్ముడి మాట చదివాక భయమేస్తోంది. నిన్నటి నుంచి తలనొప్పి అంటోంది, ఎండకు అనుకున్నాం.

హసన్‌పర్తి ఏఎన్ఎం:
అక్కా, ఇవాళే బీపీ చూపించండి, ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు చేసే చెకప్ దాకా ఆగొద్దు. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా అడగండి. కళ్ళు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదటి కాన్పు కాగితాలు పట్టుకెళ్ళండి. అత్తమ్మకు నేను నచ్చజెప్తాను, నంబర్ మెసేజ్‌లో పంపండి. అంగన్‌వాడీలో రోజూ భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు, ఒక్క పూట కూడా వదలొద్దు.