సిస్టర్ వెతికే నరం, నరాల డాక్టరు చూసే నరం

తిరుపతి సభ్యురాలి ప్రశ్న:
మా అమ్మకు గ్లూకోజు పెట్టేటప్పుడు సిస్టర్ "నరం దొరకడం లేదు" అనింది. అమ్మ వెంటనే చెయ్యి లాగేసుకుంది. "నరానికి సూది గుచ్చితే చెయ్యి పడిపోదా?" అని ఒకటే భయం. నరాల డాక్టరు చూసే నరమూ, సిస్టర్ వెతికే నరమూ ఒకటేనా? తెలుగులో రెండిటికీ వేరే మాటలు లేవా?

జవాబు:
ఒకటి కాదక్కా. సిస్టర్ వెతికింది సిరను. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టం అది. నరాల డాక్టరు చూసేవి మెదడు, వెన్నుపాముల నుంచి ఒళ్లంతా పాకే నాడులు. వాటి గుండా పోయేది రక్తం కాదు, కబురు. రెండూ మీ చేతిలోనే ఉన్నాయి, చూసుకోండి. మోచేతి మడతలో నీలంగా తేలేది సిర. అదే మోచెయ్యి వెనకవైపు తలుపు అంచుకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, అక్కడ ఉన్నది నాడి. జానెడు దూరం కూడా లేని ఈ రెండిటినీ ఇంట్లో నరమనే అంటాం. అమ్మగారు భయపడ్డారంటే పడరా మరి!

మాటలకు కొదవ లేదు. సిర, ధమని (గుండె నుంచి రక్తాన్ని ఒంటికి పంపే గొట్టం), రక్తనాళం, నాడి అన్నీ స్కూలు పుస్తకాల్లో ఉన్నవే. కాకపోతే నాడి దగ్గర మళ్లీ చిక్కు. వైద్యుడు మణికట్టు పట్టుకుని నాడి చూస్తే ఆయన వేళ్ల కింద కొట్టుకునేది ధమని. జీవశాస్త్రంలో నాడీ వ్యవస్థ అన్నప్పుడు ఆ మాటకు అర్థం రక్తం పారే గొట్టం కాదు. ఒకే పిల్లవాడు ఇంట్లో ఒక అర్థం, క్లాసులో ఇంకో అర్థం నేర్చుకోవాలి.

నరమంటే మొదట చర్మం కింద తాడులా తేలేది, చేతికి తగిలేది ఏదైనా అయ్యుంటుందని నా అభిప్రాయం. తమిళంలో నరంబు కూడా ఇంతే. యాళ్ వాద్యం తీగను కూడా నరంబే అంటారు. పుత్తూరు, నగరి వైపు రెండు భాషలూ మాట్లాడేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. "నరం లేని నాలుక" అన్న మాట కూడా ఆ పాత అర్థంలోనే పొసుగుతుంది. నాలుక కింద నీలి సిరలు అద్దంలో కనిపిస్తాయి, నాడులైతే లెక్కకు మిక్కిలి. అక్కడ లేనిది పట్టి ఆపే తాడు.

ఇంకో సభ్యుడు:
అంటే పాతవాళ్లకు తేడా తెలియక కలిపేశారనేగా అన్నా?

జవాబు:
అంత తేలిగ్గా అనలేను. ఒంట్లో ఈ రెండూ చాలా చోట్ల జంటగానే నడుస్తాయి. ప్రతి పక్కటెముక కింది అంచునా సిర, ధమని, నాడి వరుసగా ఒదిగి ఉంటాయి. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసేటప్పుడు డాక్టర్లు ఆ అంచు జోలికి పోకుండా, కింది ఎముక పై అంచు మీదుగా సూది దింపేది అందుకే.

పక్కన ఉండటమే కాదు, ఒకదాన్నొకటి నడిపిస్తాయి కూడా. ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త 1851లో కుందేలు మెడలో సహానుభూత నాడిని (మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడుల్లో ఒకటి) కోశాడు. ఆ వైపు చెవి చల్లబడుతుందనుకుంటే వెచ్చబడింది, రక్తం ఎక్కువై ఎర్రబడింది. తెగిన నాడికి కరెంటు తగిలిస్తే రక్తనాళాలు ముడుచుకున్నాయి. మన "తెల్లబోయాడు" సంగతీ ఇదే. భయం వేసినప్పుడు ఈ నాడులే ముఖంలోని రక్తనాళాలను బిగిస్తాయి, రక్తం తగ్గి ముఖం పాలిపోతుంది. తిరుమల క్యూ కాంప్లెక్సులో గంటలకొద్దీ కూర్చుని, గేటు తీయగానే దిగ్గున లేచిన పెద్దవాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి చూడండి, అప్పుడు రక్తనాళాలను బిగించే ఆ కబురు చాలినంత త్వరగా పని చేయలేదన్నమాట.

ఇక నాడికీ తిండి కావాలి కదా. దాని పొరల్లో వెంట్రుకల్లాంటి సన్నని రక్తనాళాలు ఉంటాయి. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పితే అవి దెబ్బతింటాయి. అరికాళ్లలో తిమ్మిరి, మంట మొదలవడానికి అదొక ముఖ్య కారణం. "నరాలు వీకయినాయి" అని ఊరుకుంటాం గానీ, అందులో రక్తనాళాల పాలు ఎంతో ఉంది.

చిత్తూరు నుంచి ఒక నర్సు:
రక్తనాళం అంటే మా పేషెంట్లకు పుస్తకం మాటలా ఉంటుంది. నేను "రక్తం పారే నరమమ్మా, చెయ్యి పడిపోయే నరం కాదు" అని చెప్పి సూది వేస్తాను. చెయ్యి లాక్కోరు.

జవాబు:
చాలా బాగుందమ్మా. నిఘంటువులో లేకపోయినా మంచం పక్కన ఇదే సరైన మాట. శ్రీకాళహస్తి, పలమనేరు వైపు ఇంకేమైనా అంటారా? తెలిసినవాళ్లు రాయండి.