కనుమ సాయంత్రం ముందు డప్పు, తర్వాత పడక సీను: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

కాలనీ కార్యదర్శి:
అందరికీ నమస్కారం. కనుమ రోజు ఖమ్మంలో మా కాలనీ మైదానంలో, ఆరుబయట, రెండు కార్యక్రమాలు అనుకున్నాం. ముందు ఎనిమిది డప్పుల బృందం, జనం కలిసి ఆడడానికి. ఆ తర్వాత కృష్ణ రాయబారం పద్యనాటకంలోని పడక సీను, అంటే మంచం మీద పడుకున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడు, అర్జునుడు వచ్చే ఘట్టం. 300 మంది దాకా వస్తారు. స్టేజి 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు, పైన చెక్క పలకలు. మంచు పడే వేళకి డప్పు మెత్తబడుతుందంటున్నారు, దానికేం చెయ్యాలి? పద్యంలో మాట చివరి వరస దాకా తెలియాలంటే మైకులు ఎక్కడ పెట్టాలి? సౌండు వాళ్లు నాలుగు కాలర్ మైకులు ఇస్తామంటున్నారు, సరిపోతాయా? రెండింటికీ మధ్య ఎంత విరామం ఉండాలి?

సిర్రపుల్ల:
ముందు తోలు డప్పులా, ఫైబర్ డప్పులా కనుక్కోండి. ఫైబర్‌వైతే మంట దగ్గరికే తేవద్దు, కరుగుతాయి. వాటికి బోల్టులుంటాయి, ఒక బోల్టు బిగించాక దాని ఎదుటిది బిగించాలి. వరసగా బిగిస్తూ పోతే రేకు ఒక పక్కకి లాగి మోత చీలుతుంది.

తోలు డప్పయితే గాలిలో చెమ్మ పీల్చుకుని సాగుతుంది, మోత డబడబమంటుంది. వేడి తగిలితే చెమ్మ పోయి తోలు బిగుస్తుంది. అందుకు వరిగడ్డి మంటే మంచిది. గుప్పుమని లేచి వెంటనే తగ్గుతుంది, వేడి అంతటా సమంగా తగులుతుంది. దుంగల మంట వద్దు, నిప్పుల సెగ ఒకేచోట కొడుతుంది. తోలు వైపు మంటకి తిప్పి, మూరెడు దూరంలో పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి. ఆపితే అక్కడ తోలు కమిలి, సిర్ర (డప్పు కొట్టే లావుపాటి పుల్ల) దెబ్బ పడగానే పగులుతుంది. చెక్క చట్రం దగ్గర కుట్టు ఉంటుంది చూడండి, ఎక్కువగా చిరిగేది అక్కడే. చిటికెన పుల్లతో (సన్నటి పుల్ల) అంచున కొట్టి చూసుకుంటూ కాయాలి. మోత ఖణేలుమనగానే చాలు, ఇంకా కాస్తే తోలు ఎండి పెళుసవుతుంది.

ఎనిమిదీ ఒకేసారి కాయకండి. ఆరు మోగుతుంటే రెండు మంట దగ్గర ఉండాలి, వంతులవారీగా మారాలి. అప్పుడు మోత ఎక్కడా తగ్గదు. మంటకీ స్టేజీకీ కనీసం 30 అడుగుల దూరం, పక్కనే రెండు బకెట్ల నీళ్లు, ఒక బస్తా ఇసుక. వాయించని డప్పుని నేల మీద బోర్లించకుండా దుప్పట్లో చుట్టి పెట్టండి, నేల చెమ్మ మంచుకన్నా తొందరగా ఎక్కుతుంది.

ఇంకొకటి, డప్పు బృందాన్ని స్టేజి ఎక్కించకండి. నేల మీద, జనం మధ్య వలయంలో ఉండాలి. చెక్క పలకల మీద వాయిస్తే పలకలు కూడా మోగి దరువు అంచు పోతుంది. 300 మందికి డప్పుకి మైకే అక్కర్లేదు. ఆట తెలియనివాళ్లు అడుగు పట్టుకునేదాకా మొదటి పది నిమిషాలు నిదానపు దరువు వాయించమనండి. మొదట్లోనే వేగంగా సాగే తీన్మార్ దరువు ఎత్తుకుంటే కుర్రాళ్లు నలుగురే ఆడతారు, పెద్దవాళ్లు కుర్చీల్లోనే ఉండిపోతారు.

తెరవెనుక:
డప్పు సంగతి పైన చెప్పేశారు కాబట్టి నేను నాటకం సంగతి చెబుతాను. పద్యనాటకానికి కాలర్ మైకుల్ని నమ్ముకోవద్దండి. హారాలు, కిరీటం పూసలు రాసుకుని గరగరమంటాయి. పద్యం పైస్థాయికి వెళ్లినప్పుడు గొంతు పగిలినట్టు వినిపిస్తుంది, ఎందుకంటే మైకు నోటికి దగ్గరగా కట్టేసి ఉంటుంది, నటుడు వెనక్కి జరిగే వీలుండదు. స్టేజి ముందంచున మూడు స్టాండు మైకులు పెట్టండి, ఒకటి మధ్యలో, మిగతావి చెరో పక్కన ఏడెనిమిది అడుగుల దూరంలో. పద్యం ఎత్తుకునేటప్పుడు నటుడు మైకు దగ్గరికొస్తాడు, రాగం పైకి తీసేటప్పుడు అరడుగు వెనక్కి వేస్తాడు. అనుభవం ఉన్న నటులకి ఇది చెప్పక్కర్లేదు, కొత్తవాళ్లకి మాత్రం రిహార్సల్‌లోనే అలవాటు చేయించాలి.

స్పీకర్ బాక్సులు మైకుల వరసకన్నా ముందుండాలి, జనం వైపు తిరిగి. వెనక ఉంటే కూ అని అరుపు మొదలవుతుంది, అప్పుడు సౌండతను వాల్యూం తగ్గించేస్తాడు, చివరి వరసకి మాట అందదు. ఎకో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. పద్యానికి ఎకో తగిలితే ఒక మాట తోక తర్వాతి మాట మీద పడి సమాసాలన్నీ ముద్దయిపోతాయి.

సమయం: డప్పు 5:30కి మొదలుపెట్టి 6:30కి ఆపేయండి. అప్పటికి మంచు ఇంకా దిగదు. 6:50కి నాటకం మొదలవుతోందని తెలిపే మొదటి గంట కొట్టాలి, 7కి మూడో గంట, ప్రార్థన, తెర. అరగంట విరామం తప్పనిసరి. డప్పు మోత చెవుల్లో ఉండగా హార్మోనియం శ్రుతి ఎక్కదు. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లే కాదు, వాద్యాలు కూడా వాయించకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు (2000) చెబుతున్నాయి. ఈ లెక్కన వన్స్ మోర్‌లు ఎన్ని పడ్డా మీకు వ్యవధి ఉంటుంది.

ఐదున్నర శ్రుతి:
వాద్యాల గురించి రెండు మాటలు. హార్మోనిస్టు రెక్క (స్టేజి పక్క తెర) పక్కన, నటుల నోరు కనబడేచోట కూర్చోవాలి. నటుడు రాగం ఎక్కడ ఆపుతాడో చూసి అందుకోవాలి కదా. మైకుని హార్మోనియం గాలి బయటికొచ్చే వైపు జానెడు దూరంలో పెట్టండి, మరీ దగ్గరైతే హార్మోనియం మెట్ల టకటక వినిపిస్తుంది. ప్రతి నటుడి శ్రుతి (పాడేటప్పుడు ఆధారంగా పెట్టుకునే స్వరం) ముందే కాగితం మీద రాసివ్వండి. కృష్ణుడు ఒకటిన్నర శ్రుతికీ, దుర్యోధనుడు రెండున్నర శ్రుతికీ పాడేవాళ్లయితే రెండు తబలాలు తెప్పించండి, సీను మధ్యలో సుత్తి పట్టుకుని బిగించే వీలుండదు. తబలా మీదా మంచు పనిచేస్తుంది. మూడో గంటకి ముందు మరోసారి శ్రుతి చూసుకోవాలి.

కాలనీ కార్యదర్శి:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. కృష్ణుడు మంచం మీద పడుకునే మాట్లాడాలి, అప్పుడు స్టాండు మైకుకి గొంతు అందదేమో?

తెరవెనుక:
అందదండి. తలగడ పక్కన పొట్టి స్టాండు మైకు ఒకటి పెట్టి, దాని ముందు పూలకుండీ ఉంచండి. ఆ నాలుగు కాలర్ మైకుల్లో ఒకటి తలగడ గలీబుకి గుచ్చినా పనవుతుంది, అక్కడ నగలు తగలవు. కృష్ణుడు లేచి కూర్చోగానే దాన్ని ఆపేయమని సౌండతనికి సైగ చెప్పిపెట్టండి. మంచాన్ని జనానికి అడ్డంగానో నిలువుగానో కాకుండా ఐమూలగా వేయండి, కాళ్ల వైపు జనానికి కాస్త దగ్గరగా. తలవైపు దుర్యోధనుడి ఆసనం అరడుగు ఎత్తులో ఉంటే వెనక ఉన్నా కనబడతాడు. కాళ్ల దగ్గర అర్జునుడు మంచానికి అవతలి పక్క నిలబడాలి, ఇవతల నిలబడితే కృష్ణుడు కళ్లు తెరిచి అతణ్ణి చూసే క్షణం జనానికి కనబడదు. మంచం కిర్రుమనకుండా కోళ్ల కింద గోనెపట్టా ముక్కలు వేయండి.

సిర్రపుల్ల:
గడ్డి మంట పూర్తిగా ఆర్పాకే మొదటి గంట కొట్టించండి. పొగ స్టేజి వైపు తిరిగితే పద్యం ఎత్తుకునేవాళ్లకి గొంతు పట్టేస్తుంది.