ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటే: ముందు స్విచ్ మార్చాలా, ముందు ప్రెషర్ కొలవాలా?

దారి_దీపం
ఎప్పటికీ తేలని వాదన ఇది. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటుంది. యాక్సిలరేటర్ కాస్త నొక్కితే ఆరిపోతుంది. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ రెండు గుర్తుల మధ్యే ఉంది. ఆయిల్ ప్రెషర్‌ను బట్టి ఆ లైటు వెలిగించే స్విచ్ పాడై ఉంటుంది, అది మార్చేస్తే చాలు, అప్పటిదాకా బండి నడుపుకోవచ్చని కొందరంటారు. గేజి పెట్టి ప్రెషర్ కొలిచేదాకా బండి కదపొద్దని ఇంకొందరు. మీరేమంటారు? కారణంతో సహా చెప్పండి.

రెంచి_17
ముందు స్విచ్చే. లోపల ఉండేది ఒక పలచటి పొర, దాని వెనక స్ప్రింగు, ఒక జత కాంటాక్టులు, అంతే. ఏళ్ల తరబడి వేడి ఆయిల్ తగిలి ఆ పొర చిట్లుతుంది, ఆయిల్ కనెక్టర్‌లోకి పాకుతుంది. కనెక్టర్ పీకి లోపల చూడండి. ఆయిల్ తడి కనిపిస్తే స్విచ్ పని అయిపోయినట్టే. వైరు ఎక్కడో ఒరుసుకుని ఇంజన్ బాడీకి తగిలినా ఇదే లైటు వెలుగుతుంది. ఇంత చిన్న భాగాన్ని వదిలేసి, ఎత్తుకోవడమే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించాలి, బేరింగులు చూడాలి అని జనాన్ని బెదరగొట్టడం సరికాదు. లెవెల్ బాగుండి, వాల్వుల దగ్గర టప్పెట్ల చప్పుడు లేకపోతే నా ఓటు స్విచ్‌కే.

బేరింగ్_పొర
రెంచి గారూ, తడి ఉంటే స్విచ్ పోయిందన్నది నిజమే. స్విచ్ పోయింది కాబట్టి ప్రెషర్ బాగుందనడమే నేను ఒప్పుకోను. రెండూ ఒకేసారి చెడొచ్చు.

అసలు ఈ లైటు ఎప్పుడు ఆరుతుందో చూడండి. మామూలు స్విచ్ ప్రెషర్ లేనప్పుడు మూసుకుని ఉండి వైరును ఎర్త్ చేస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే లైటు వెలిగేది అందుకే. ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాటగానే కాంటాక్టు విడిపోయి లైటు ఆరుతుంది. బాగున్న ఇంజన్‌లో వేడి ఐడిల్‌లోనే 1 బార్ చుట్టుపక్కల, 2000 ఆర్‌పీఎమ్ దగ్గర 2 బార్ పైన ఉండటం మామూలు. మరి 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 0.8 బారే ఉందనుకోండి, ఈ లైటు వెలగదు. లోపల క్రాంకు బేరింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. యాక్సిలరేటర్ నొక్కితే ఆరిపోయిందంటే పంపు వేగం పెరిగి ఆ 0.5 బార్ గీత దాటిందని మాత్రమే. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

పైగా గేజి బిగించేది కూడా స్విచ్ విప్పిన రంధ్రంలోనే. ఎలాగూ స్విచ్ విప్పుతున్నారు కదా, కొత్తది పెట్టేముందు కొలిచేస్తే పోతుంది.

దారి_దీపం
ఏ గేజి, ఏ థ్రెడ్ (మర), ఎలా చదవాలి? కాస్త వివరంగా చెప్పండి.

బేరింగ్_పొర
0 నుంచి 7 బార్ దాకా చూపే మెకానికల్ గేజి, హోస్‌తో. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్విచ్ విప్పండి. థ్రెడ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. యూరప్ కార్లలో ఎక్కువగా 10 మిల్లీమీటర్ల థ్రెడ్, 1 మిల్లీమీటరు పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) కనిపిస్తుంది. జపాన్ కార్లలో ఎక్కువగా 1/8 అంగుళం బ్రిటిష్ పైపు థ్రెడ్, కొస వైపు సన్నబడుతుంది. అదే సైజు అమెరికన్ పైపు థ్రెడ్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ అంగుళానికి 28 చుట్ల బదులు 27. ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత బలవంతం చేస్తే అల్యూమినియం బ్లాకులో థ్రెడ్ పోతుంది. మీ ఇంజన్‌కు సరిపోయే అడాప్టర్ ముందే దగ్గర పెట్టుకోండి.

హోస్ బెల్టుకు, ఎగ్జాస్టుకు తగలకుండా కట్టి స్టార్ట్ చేయండి. పది సెకన్లలో సూది లేవకపోతే వెంటనే ఆపేయండి. లేస్తే, ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా ఆగాలి. కూలెంట్ సూది మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, అది వెనకబడి వేడెక్కుతుంది. అప్పుడు ఐడిల్‌లో, 2000 దగ్గర, 3000 దగ్గర మూడు రీడింగులు రాసుకోండి.

మూడూ మీ ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నంత ఉంటే తప్పు స్విచ్‌దో వైరుదో. ఎక్కువ వేగాల్లో బాగుండి వేడి ఐడిల్‌లో మాత్రమే పడిపోతుంటే ఆయిల్ పలచబడిందో, బేరింగుల ఖాళీ పెరిగిందో చూడాలి. ఆ ఖాళీ ఉండాల్సిందే సుమారు 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్లు, అది కొంచెం పెరిగినా ప్రెషర్ నిలవదు. ఐడిల్‌లో బాగుండి, వేగం పెంచినకొద్దీ సూది పడిపోతుంటే సంప్‌లోని జల్లెడ లాంటి స్ట్రైనర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ఆయిల్‌ను పంపుకు లాగే పికప్ పైపు రబ్బరు ఓ-రింగు దగ్గర గాలి పీలుస్తోంది. అన్ని వేగాల్లోనూ తక్కువే ఉంటే పంపు, ప్రెషర్ మరీ పెరిగితే తెరుచుకోవాల్సింది ఎప్పుడూ తెరుచుకునే ఇరుక్కుపోయిన రిలీఫ్ వాల్వు, స్ట్రైనర్, ఈ వరసలో చూడండి. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజన్ అయితే స్ట్రైనర్‌తోనే మొదలుపెట్టండి. ఆ బెల్టు పొట్టు రాలి చేరేది అక్కడికే.

కాన్‌బస్
మీరిద్దరూ చెప్పేది ఒక వైరు స్విచ్ సంగతి. ఇప్పటి చాలా కార్లలో స్విచ్‌కూ లైటుకూ మధ్య కంట్రోల్ యూనిట్ ఉంటుంది. వెలిగించాలా వద్దా అన్న నిర్ణయం దానిదే. ఇంజన్ వేగం, ఉష్ణోగ్రత చూసుకుని, క్షణకాలం పడిపోతే వదిలేసి, కొన్ని సెకన్లు నిలిస్తేనే హెచ్చరించేలా దాన్ని రాస్తారు. అలాంటి బండిలో లైటు మినుకుమందంటే ఆ వడపోత కూడా దాటి వచ్చిందన్నమాట. పాత బండి కంటే ఎక్కువగానే పట్టించుకోవాలి.

రెండు దశల పంపు ఉన్న కొన్ని ఇంజన్లలో రెండు స్విచ్‌లుంటాయి, ఒకటి కనీస ప్రెషర్‌కు, ఒకటి పై దశకు. తప్పుగా రెండోది మార్చి కూర్చుంటే లైటు అలాగే ఉంటుంది. కనెక్టర్ పీకితే లైటు ఆరాలన్న పాత పరీక్ష కూడా అన్నిటికీ పనికిరాదు. మామూలుగా తెరిచి ఉండే స్విచ్ వాడిన వాటిలో పీకితేనే హెచ్చరిక వస్తుంది. మూడు వైర్ల సెన్సర్ ఉంటే స్కానర్‌తో లైవ్ డేటా చూడొచ్చు, కానీ ఆ సెన్సర్ మీదే అనుమానం ఉన్నప్పుడు మెకానికల్ గేజికి ప్రత్యామ్నాయం లేదు.

డ్యాష్‌బోర్డులో సూది ఉందని కూడా నిశ్చింతగా ఉండొద్దు. మాజ్దా ఎమ్ఎక్స్-5 మొదటి తరంలో 1995 మోడల్ నుంచి ఆయిల్ సూది కింద ఉన్నది ఉత్త ఆన్-ఆఫ్ స్విచ్చే. ప్రెషర్ ఎంత మారినా సూది మధ్యలోనే నిలబడుతుంది.

పల్లం_ఎత్తు
పసుపు లైటు కూడా ఇదేనా?

కాన్‌బస్
కాదు. పసుపు రంగు ఆయిల్ డబ్బా గుర్తు లెవెల్ తగ్గిందని. సంప్ అడుగున ఉండే లెవెల్ సెన్సర్ చెబుతుంది. చదునైన చోట ఆపి, కాసేపు ఆగి, డిప్‌స్టిక్ చూసి పోస్తే సరిపోతుంది. చాలా కార్లలో కింది గుర్తు నుంచి పై గుర్తుకు సుమారు 1 లీటరు. డిప్‌స్టిక్ లేని కార్లలో తయారీదారు చెప్పిన వేడి దగ్గర మెనూలోంచి కొలిపించాలి. సర్వీస్ గడువు గుర్తుచేసే రెంచి బొమ్మకు ప్రెషర్‌తోనూ లెవెల్‌తోనూ సంబంధం లేదు. ఎర్ర లైటు మలుపుల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే మెరిస్తే అది లెవెల్ బాగా పడిపోయిన లక్షణం. ఆయిల్ ఒక పక్కకు జరిగి పికప్ గాలి పీలుస్తోంది.

గట్టి_ఆయిల్
వేడి ఐడిల్‌లోనే కదా సమస్య. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే లైటు ఆరుతుంది. అరిగిన ఇంజన్‌కు అంతకు మించి ఏం కావాలి?

బేరింగ్_పొర
లైటు ఆరుతుంది, రోగం అలాగే ఉంటుంది. స్ట్రైనర్ సగం మూసుకుని ఉంటే చిక్కటి ఆయిల్ చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఇంకా ఆలస్యంగా పైకి చేరుతుంది. పలచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ కోసం తయారైన ఇంజన్‌లో వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగం కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది, అది తడబడి వేరే ఫాల్ట్ కోడ్లు వస్తాయి. ముందు పలచబడటానికి కారణం వెతకండి. డీజిల్ కార్లలో పొగ ఫిల్టరులోని మసిని కాల్చేసే రీజనరేషన్ మధ్యలో పదే పదే ఆగిపోతే ఇంధనం సంప్‌లోకి దిగుతుంది. ఆయిల్ ఎంత తగ్గినా డిప్‌స్టిక్‌పై లెవెల్ బాగానే కనిపిస్తుంది, ఒక్కోసారి పై గుర్తు కూడా దాటుతుంది. దారి_దీపం గారు లెవెల్ మధ్యలోనే ఉందన్నారు కదా, ఆ ఆయిల్ వాసన చూడమనండి.

రెంచి_17
కొలవడం నాకు అభ్యంతరం కాదు, గేజి అందరి దగ్గరా ఉండదు. కనెక్టర్ నిండా ఆయిల్ ఉంటే స్విచ్ మార్చే చూస్తాను, ఆ మాట మార్చను. మార్చాక ఒక్కసారి మినుకుమన్నా ఆ ఇంజన్ నడపకూడదన్నది మాత్రం నా షరతు.

పల్లం_ఎత్తు
వేగంగా పోతుండగా వెలిగితే? అక్కడికక్కడే ఇంజన్ ఆపేయాలా?

కాన్‌బస్
నడుస్తున్న వాహనాల మధ్యలో ఆపేయకండి. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు బూస్టరులో వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాకయ్యే ప్రమాదం ఉంది. కాలు తీసి, న్యూట్రల్‌లోకి వేసి, ఉన్న వేగంతోనే పక్కకు చేర్చి, అప్పుడు ఆపండి. న్యూట్రల్‌లో బేరింగుల మీద భారం చాలా తక్కువ. తర్వాతి మలుపు దాకా, దగ్గర్లోని షెడ్డు దాకా అని లాగొద్దు. భారం మీద ఆయిల్ లేకుండా నడిస్తే ఇంజన్ పట్టేయడానికి నిమిషం కూడా చాలు. ఆపాక లెవెల్ చూడండి. కింది గుర్తు కంటే తక్కువుంటే పోసి స్టార్ట్ చేయండి, కొన్ని సెకన్లలో లైటు ఆరకపోతే బండిని టో చేయించుకోవడమే. లెవెల్ సరిగ్గా ఉన్నా ఎర్ర లైటు వెలిగిందంటే మళ్లీ స్టార్ట్ చేయనే వద్దు.

బేరింగ్_పొర
సంప్ దించి స్ట్రైనర్ కడిగినవాళ్లు పాత ఫిల్టరు కూడా కోసి, మడతల్లో మెరిసే రజను ఉందేమో చూడండి. ఉంటే బేరింగులు విప్పి చూడాల్సిందే. పికప్ ఓ-రింగు కొత్తది వేయండి. కొత్త ఫిల్టరు నిలువుగా బిగించేదైతే ముందే ఆయిల్ నింపండి. ఇంధన పంపు ఫ్యూజు తీసి, ఐదేసి సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పండి, మధ్యమధ్య దానికి విరామం ఇస్తూ. గేజి సూది కదిలాకే ఫ్యూజు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి.