ఇల్లిల్లూ తిరిగి అగ్గి జాగ్రత్తలు చెప్పేది మన పనేనా?

రామ్‌నగర్ వాసి, అనంతపురం

మా కాలనీలో కొంతమందిమి కలిసి ఒక ఆలోచన చేసినాం. ఎండలు ముదరకముందే ప్రతి ఇంటికీ పోయి గ్యాస్ పైపు, రెగ్యులేటర్, స్విచ్ బోర్డు చూసి, ఏది మార్చుకోవాలో చెప్పి రావాలని. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయినప్పుడు యాడ చూసినా బస్సుల మాటే. రోజూ మనం పొయ్యి వెలిగించే వంటింటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా వీధి పెద్దాయన ఒకరు "అది ఫైర్ స్టేషన్ వాళ్ల పని, మీకెందుకప్పా" అన్నారు. మీరేమంటారు?

పాతబస్తీ, కర్నూలు

అన్నా, మీ ఉద్దేశం మంచిదే కానీ నేను ఒప్పుకోను. ముక్కూమొహం తెలియనోళ్లను వంటింట్లోకి రానిచ్చే కాలం కాదిది. మా వీధిలో గ్యాస్ ఆఫీసు నుంచి వచ్చినామని చెప్పి ఇద్దరు బాగున్న పైపును కోసేసి, ఇంకోటి తగిలించి, ముసలామె దగ్గర దుడ్లు గుంజుకొని పోయినారు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా తలుపు తీయరు. ఇంకో సంగతి: మీరు రెగ్యులేటర్ ముట్టుకొని వచ్చినాక మర్నాడు లీకయితే ఎవరి మీద పడుతుంది? ఐదేళ్లకోసారి వచ్చి తనిఖీ చేయాల్సింది ఏజెన్సీ మెకానిక్. ఆయన్ను రప్పించేకి పదిమందీ కలిసి గట్టిగా అడగండి, అదీ సేవే.

నర్సును, కడప

తమ్ముడూ, మెకానిక్ పైపు చూసి పోతాడు. పొయ్యి ముందర నిలబడే మనిషికి ఎవరు చెప్పాలి? కాలిన గాయాలతో వచ్చేవాళ్లను నేను చూస్తున్నా. చాలామంది టూత్‌పేస్టో ఇంకోటో పూసుకొని వస్తారు. దాన్ని కడిగి తీసేటప్పుడు పడే బాధ చెప్పలేను. కాలిన వెంటనే కొళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పారనిస్తే గాయం లోపలికి దిగడం తగ్గుతుంది. ఐసు పెట్టకూడదు. ఇదొక్కటి తెలిసి ఉంటే చాలామందికి అంత లోతుగా కాలదు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. పొయ్యి ఆపి, పైన మూత పెడితే గాలి అందక ఆరిపోతుంది. నీళ్లు పడితే మండే నూనె ఎగిరి మొహం మీదికే వస్తుంది. ఇది చెప్పేకి మెకానిక్ ఎందుకు? పక్కింటి అక్క చాలు.

రిటైర్డ్ ఫైర్‌మన్

పాతబస్తీ సోదరుడు చెప్పిన భయం నిజమే, కొట్టేయలేం. అయినా నేను వాలంటీర్ల పక్షమే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి మంటలార్పేవాళ్లు ఎంతోమంది చనిపోయినారు. వాళ్ల జ్ఞాపకంగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఆ వారంలో బళ్లలో, సెంటర్లలో డెమో చూపిస్తారు. వంట చేసే ఆడవాళ్లలో అక్కడికి వచ్చేవాళ్లు తక్కువ. 101కు ఫోన్ చేస్తే బండి బయల్దేరుతుంది, కానీ పాతూరు సందుల్లోకి బండి దూరాలంటే ముందు బైకులన్నీ పక్కకు తీయాలి. మొదటి నిమిషాలు ఇంట్లోవాళ్లవే.

మన దిక్కు వంటిళ్లలో ఒక ప్రమాదం ఎక్కువ చూసినా. కడప బండ కింద గూట్లో సిలిండర్ పెట్టి, చూసేకి బాగుంటుందని ప్లైవుడ్ తలుపులు బిగిస్తారు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకయితే నేలమట్టంలోనే నిలుస్తుంది. తలుపులు మూసిన గూట్లోంచి అది పోయే దారే ఉండదు. పైపు వెనకాల ఎలుక కొరికినా ఆ చీకట్లో కనపడదు. తలుపులు తీసేయమని చెప్పడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. రెగ్యులేటర్ ఆపేసి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికి వచ్చినాకే గ్యాస్ లీకు నంబరు 1906కు ఫోన్ చేయాలి. లీకు చూసేకి అగ్గిపుల్ల గీసే అలవాటు ఇంకా ఉంది. సబ్బు నురగ పూస్తే బుడగలు వస్తాయి, అది చాలు.

అద్దె ఇల్లు, కడప

గ్యాస్ ఒక్కటేనా సార్? మేముండే పోర్షన్‌లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఓనర్ లావు తీగ కట్టించినాడు. ఎండాకాలం కూలర్, ఫ్రిజ్, మోటారు అన్నీ ఆ లైను మీదే. వైరు వేడెక్కినా ఫ్యూజు కొట్టదు. వాలంటీర్లు మాకు చెప్పి ఏం లాభం, ఓనర్‌తో మాట్లాడండి. మేమడిగితే ఖాళీ చేయమంటాడు. నలుగురు వచ్చి చెప్తే వింటాడేమో.

పాతబస్తీ, కర్నూలు

నర్సక్క చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, అది అందరికీ తెలియాల్సిందే. ఇళ్లలోకి పోవడం మాత్రం ఇప్పటికీ వద్దనే అంటా. పొదుపు సంఘం మీటింగుకు వీధిలో ఆడవాళ్లంతా వస్తారు కదా, అక్కడ చెప్పండి. సిలిండర్ మెడ దగ్గర రాసుండే బి-27 లాంటి గుర్తు ఎట్ల చదవాలో అక్కడే చూపించండి. 2027 ఏప్రిల్ నుంచి జూన్ లోపల దాన్ని మళ్లీ టెస్టుకు పంపాలని. గడువు దాటినది వస్తే తీసుకోకుండా వెనక్కి పంపే హక్కు వాళ్లకుంది.

రామ్‌నగర్ వాసి, అనంతపురం

అందరికీ దండాలు. రెగ్యులేటర్, పైపు, వైరు దేన్నీ మేం ముట్టుకోం, పైసా తీసుకోం, ఏ వస్తువూ అమ్మం. ఇది తేల్చుకున్నాం. మొదట పొదుపు సంఘం దగ్గరే చెప్తాం, ఫైర్ స్టేషన్‌లో అడిగి ఒకరిని పిలుచుకొస్తాం. ఓనర్ల దగ్గరికి కాలనీ పెద్దలను తీసుకొని పోతాం.

కానీ పాతబస్తీ తమ్ముడూ, మంచం దిగలేని ముసలోళ్లు, పగలంతా ఒంటరిగా ఉండేవాళ్లు మీటింగుకు రారు. అగ్గి అంటుకుంటే బయటికి రాలేనిది కూడా వాళ్లే. వాళ్లింటికి మాత్రం పోతాం, ఆ వీధి ఆడమనిషిని వెంటబెట్టుకొని, ఇంట్లోవాళ్లు రమ్మంటేనే. దీనికీ వద్దంటావా?